ఆడపిల్లకి తగని ఆట

మా ఇంట్లో ఒక బూట్ల జత మూలాన వారం రోజులు మాటా పలుకూ లేకుండా పోయిందంటే మీరు నమ్ముతారా?

నిజమేనండీ. అవి మామూలు బూట్లు కావు. అడుగున మేకుల్లా బుడిపెలుండే ఫుట్‌బాల్ బూట్లు. ఎనిమిదో క్లాసు చదువుతున్న మా మనవరాలు దసరాకి పట్టుపరికిణీ వద్దని మారాం చేసి, ఆ డబ్బుతో వాళ్ళమ్మ చేత కొనిపించుకుంది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన మావాడు గుమ్మంలోనే వాటిని చూశాడు. "ఎవరివివి?" అన్నాడు. అంతే! మొదలైంది.

"పదమూడేళ్ళొచ్చిన పిల్ల. కాలో చెయ్యో విరిగితే ఎవరు జవాబు చెప్తారు? చదువుకోమని బడికి పంపిస్తే బంతి వెనకాల పరుగులా?" అని వాడు. కోడలు ఒక్క మాట అనలేదు గానీ, ఆ రాత్రి వంటింట్లో గిన్నెలన్నీ మాట్లాడాయి. మావారు పేపరు అడ్డం పెట్టుకున్నారు. ఇలాంటి సమయాల్లో ఆయన పేపరు దుప్పటంత అవుతుంది లెండి.

చివరికి తగువు నా దగ్గరికొచ్చింది. "నాయనమ్మా, నువ్వు చెప్పు" అంది పిల్ల.

"ఆడపిల్లకి తగని ఆటెందుకే తల్లీ! షటిల్ ఆడుకోరాదూ?" అనేశాను.

అన్న మరుక్షణమే నాకు అనిపించింది, ఈ మాట నాది కాదు, ఎక్కడో విన్నదే అని. ఎక్కడ విన్నానో తర్వాత చెప్తాను.

పిల్ల ఏడవలేదు, అలగలేదు. తన ఫోనులో పాత ఫొటో ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. నలుపు తెలుపు చారల చొక్కాలు, పొట్టి లాగులు, జుట్టు చెదరకుండా తలకి టోపీలు పెట్టుకుని వరసగా కూర్చున్న అమ్మాయిలు. "వీళ్ళెవరో తెలుసుకుని, అప్పుడు మళ్ళీ చెప్పు" అని లోపలికి వెళ్ళిపోయింది.

నాకేం, తీరికకి కొదవా? మధ్యాహ్నం నిద్ర మానేసి, కళ్ళజోడు తుడుచుకుని వారం రోజులు అదే పనిగా చదివాను. చదివినకొద్దీ నిద్ర కాదు గదా, ఒకటి రెండు సార్లు పొయ్యి మీద పాలు కూడా మరిచిపోయాను. ఆ కథే మీకు చెప్పబోతున్నాను.

ఇంగ్లండులో లాంకషైర్ అని ఒక ప్రాంతం. మన నేతగాళ్ళ మగ్గాలు మూలపడేలా చేసిన మిల్లుబట్ట వచ్చింది అక్కణ్ణించే. 1931లో గాంధీగారు స్వయంగా వెళ్ళి మిల్లు పనివాళ్ళతో మాట్లాడి వచ్చింది కూడా ఆ ప్రాంతంలోనే. అక్కడ ప్రెస్టన్ అనే ఊరుంది. నూలు మిల్లులు ఒక వైపు, ఫుట్‌బాల్ పిచ్చి ఇంకో వైపు. ఇంగ్లండులో మొట్టమొదటి లీగు పోటీలు 1888-89లో జరిగితే, ఒక్క ఆటయినా ఓడకుండా గెలిచింది ఈ ఊరి మగవాళ్ళ జట్టే.

ఆ ఊళ్ళో 'డిక్, కెర్' అని ట్రాము బళ్ళూ, రైళ్ళ సరంజామా చేసే ఫ్యాక్టరీ ఉండేది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. మగవాళ్ళు పటాలంలోకి వెళ్ళిపోయారు. ట్రాములు చేసే చోట ఫిరంగి గుండ్లు చెయ్యాల్సి వచ్చింది. మరి చేసేదెవరు? అప్పటిదాకా 'సుకుమారులు' అని పేరుబడ్డ ఆడవాళ్ళనే పిలిచారు. ఇళ్ళలో పనిచేసే పిల్లలూ, మిల్లు పిల్లలూ వచ్చి ఇనుమూ మందుగుండూ మోశారు. అప్పుడు మాత్రం 'తగని పని' అని ఎవ్వరూ అన్నట్టు లేదు!

మధ్యాహ్నం భోజనాల వేళా, టీ వేళా ఆ పిల్లలు ఫ్యాక్టరీ వాకిట్లో కుర్రాళ్ళతో కలిసి బంతి తన్నేవారు. పందెం ఏమిటో తెలుసా? బట్టలు మార్చుకునే గదికి చిన్న చిన్న చదరపు కిటికీలుండేవి. బంతితో కిటికీ అద్దం పగలగొట్టాలి! కుర్రాళ్ళు గెలిస్తే ఆడపిల్లలు వాళ్ళకి సిగరెట్ పెట్టె కొనివ్వాలి. ఆడపిల్లలు గెలిస్తే కుర్రాళ్ళు చాక్లెట్ కొనివ్వాలి. అద్దాల ఖర్చు ఎవరిదో మాత్రం రాయలేదు.

1917 చివర్లో ఆ ఊరి ఆసుపత్రిలో గాయపడిన సైనికుల కోసం చందాలు కావలసొచ్చాయి. పాటకచేరీ పెడదామనుకుంటే, గ్రేస్ సిబర్ట్ అనే అమ్మాయి ఫుట్‌బాల్ ఆడదాం అందట. ఆమె భర్త అప్పటికి శత్రువుల చేతిలో ఖైదీగా ఉన్నాడు. ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసే ఆల్ఫ్రెడ్ ఫ్రాంక్లాండ్ అనే ఆయన ఆ బాధ్యత నెత్తినేసుకున్నాడు. ఊళ్ళో మగవాళ్ళ జట్టు ఆడే డీప్‌డేల్ మైదానమే మాట్లాడాడు. 1917 క్రిస్మస్ రోజున ఇంకో ఫ్యాక్టరీ అమ్మాయిలతో ఆట. పండగ పూట వంటిల్లు వదిలి ఎవరొస్తారనుకున్నారో ఏమో, పదివేల మంది వచ్చారు. కొందరు నవ్వడానికే వచ్చారట. 4-0తో డిక్, కెర్ అమ్మాయిలు గెలిచాక ఆ నవ్వు ఆగిపోయింది. ఖర్చులు పోను 200 పౌండ్ల పైచిలుకు ఆసుపత్రికి చేరింది.

ఆ జట్టుకి 'డిక్, కెర్ లేడీస్' అన్న పేరే ఖాయమయింది. డిక్, కెర్ అంటే ఆ కంపెనీ పెట్టిన ఇద్దరు మగవాళ్ళ ఇంటిపేర్లు. మనకి పెళ్ళయ్యాక ఇంటిపేరు మారుతుంది; వాళ్ళకి కొలువులో చేరగానే మారిందన్నమాట.

యుద్ధం 1918లో అయిపోయింది. మగవాళ్ళు తిరిగొచ్చారు. ఆడవాళ్ళని ఇక ఇళ్ళకి వెళ్ళమన్నారు. ఈ జట్టు మాత్రం ఆడుతూనే ఉంది. పొద్దున్న పని, సాయంత్రం సాధన, శనివారం ఆట. జీతం లేదు. ఆటకి పది షిల్లింగులు దారి ఖర్చుల కింద ఇచ్చేవారు. మిగిలినదంతా ఆసుపత్రులకీ, పనిపోయిన సైనికులకీ, పేదపిల్లలకీ.

1920లో ఆలిస్ మిలియా అనే ఆవిడ ఫ్రాన్సు నుంచి అమ్మాయిల జట్టుని తీసుకొచ్చింది. ప్రెస్టన్‌లో జరిగిన మొదటి ఆటకి 25,000 మంది. ఆట మొదలుపెట్టే ముందు ఇద్దరు కెప్టెన్లూ ఒకరినొకరు ముద్దు పెట్టుకున్న ఫొటో ఉంది, చూడముచ్చటగా ఉంటుంది. అదే ఏడు డిసెంబరు 16న రాత్రిపూట ఆడారు. అప్పటికి మైదానాల్లో దీపాలెక్కడివి? యుద్ధంలో విమానాల్ని వెతికే పెద్ద లైట్లు రెండు కావాలని అడిగితే, అప్పటి యుద్ధ మంత్రి విన్‌స్టన్ చర్చిల్ సరేనన్నాడు. చీకట్లో కనపడాలని బంతికి తెల్లసున్నం పూశారు. మన పండగ గోడలకి పూసినట్టే!

ఇక ఆ క్రిస్మస్ మర్నాటి సంగతి చెప్పాలి. లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్ మైదానం. డిక్, కెర్ వాళ్ళకీ సెయింట్ హెలెన్స్ ఊరి అమ్మాయిలకీ ఆట. 53,000 మంది లోపల కూర్చుంటే, పదివేల మందికి పైగా చోటు లేక గేటు బయట ఉండిపోయారు. ఇంత హడావుడిలో ఏం జరిగిందనుకున్నారు? ఈ జట్టులో ఎక్కువ గోల్స్ కొట్టే ఫ్లోరీ రెడ్‌ఫర్డ్ రైలు తప్పిపోయింది! మనకి పెళ్ళికి వెళ్తుంటే జరిగినట్టే. సగం ఆటకి ఒక్క గోలే అయింది. అప్పుడు వెనక కాపలా కాసే కెప్టెన్ ఆలిస్ కెల్ తనే ముందుకొచ్చి మూడు గోల్స్ కొట్టింది. ఇంటికి పెద్దకోడలు లాంటిదనుకుంటాను, ఎవరు రాకపోతే వాళ్ళ పని తను చేసేస్తుంది. ఆ ఒక్కరోజు వసూలు 3,115 పౌండ్లు. ఈనాటి విలువలో లక్ష పౌండ్ల పైమాటే. ఆడవాళ్ళ క్లబ్బుల ఆటకి అంతకన్నా ఎక్కువ జనం రావడం మళ్ళీ 2019 మార్చిలో, స్పెయినులోని మాడ్రిడ్‌లో 60,739 మంది వచ్చినప్పుడే. అంటే దాదాపు వందేళ్ళు పట్టింది!

ఈ జట్టులో నాకు బాగా నచ్చిన పిల్ల లిలీ పార్. 1905లో సెయింట్ హెలెన్స్‌లో పుట్టింది. అన్నదమ్ములతో వీధిలో బంతి తన్ని నేర్చుకుంది. పద్నాలుగేళ్ళకే ఈ జట్టులోకొచ్చి, మొదటి ఏడే నలభై పైన గోల్స్ కొట్టింది. ఆజానుబాహువు. ఎడమ కాలితో తన్నిందంటే మగ గోల్‌కీపర్లు కూడా పక్కకి జరగాల్సిందే. అడ్డం నిలబడ్డ ఒకాయనకి చెయ్యి విరిగిందని ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. మొత్తం మీద వెయ్యికి దగ్గరగా గోల్స్ కొట్టిందని లెక్క. చుట్టాల్లో ఇలాంటి పిల్ల ఉంటే మనం ఏమనేవాళ్ళం? "మగరాయుడు" అని మూతి తిప్పేవాళ్ళం. నేనూ తిప్పేదాన్నే, దాచడమెందుకు.

ఇదంతా అయ్యాక, 1921 డిసెంబరు 5న ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం వారు లండన్‌లో కూర్చుని ఒక తీర్మానం చేశారు. ఫుట్‌బాల్ ఆడవాళ్ళకి ఏమాత్రం తగని ఆట, దాన్ని ప్రోత్సహించకూడదు, సంఘంలోని ఏ క్లబ్బూ వాళ్ళకి మైదానం ఇవ్వకూడదు — ఇదీ దాని సారాంశం. చందాల డబ్బులో ఖర్చులకి ఎక్కువ పోతోందన్నది ఇంకో నింద. ఆటకోసం పని మానేస్తే కూలి పోతుంది కదా, ఆ నష్టం పూడ్చడం తప్పెలా అవుతుందని ఆలిస్ కెల్ అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు.

అసలు కారణం ఏమిటని మీరడగవచ్చు. మగవాళ్ళ ఆటకి రావలసిన జనం ఇటు వస్తున్నారన్న కన్నెర్ర కొంత. యుద్ధం అయ్యాక ఆడవాళ్ళు తిరిగి ఇళ్ళకి చేరాలన్న ఆత్రం కొంత. 1921లో బొగ్గుగని యజమానులు గేట్లు మూసేస్తే, ఆకలితో ఉన్న గనివాళ్ళ కుటుంబాలకి ఈ ఆడపిల్లల జట్లు ఆడి డబ్బు పోగుచేశాయి. అదీ కొందరికి రుచించలేదంటారు. సైనికుల కోసం ఆడినప్పుడు దేశభక్తి. కూలివాళ్ళ కోసం ఆడితే తగని ఆట!

డాక్టర్లూ చెరో మాటా అన్నారు. ఆడవాళ్ళ ఒంటికి ఇది ప్రమాదమని కొందరు. సరే, మీరే చూసి చెప్పండని ఫ్రాంక్లాండ్ కొంతమంది డాక్టర్లని ఆటకి పిలిచాడు. వాళ్ళలో మేరీ లౌరీ అనే లేడీ డాక్టరు చూసి చెప్పిందేమిటంటే, రోజంతా బట్టలు ఉతికితే ఆడదాని ఒంటికి ఎంత దెబ్బో, ఫుట్‌బాల్ ఆడితే అంతకన్నా ఎక్కువేమీ కాదని.

ఇది చదివి నేను పకపకా నవ్వాను. నవ్వి నవ్వి ఎందుకో ఆగిపోయాను. మా అమ్మ చాకిరేవు బండ దగ్గర వంగుని ఉతికిన దుప్పట్లు గుర్తొచ్చాయి. మా పిన్ని నీళ్ళోసుకున్న నెలల్లో కూడా చెరువు నుంచి చంకన ఒకటి, నెత్తిన ఒకటి బిందెలు మోసింది. రోకలి పోట్లు, తిరగలి, పిడకల గంప. అవేవీ ఆడవాళ్ళ ఒంటికి తగవని ఏ సంఘమూ తీర్మానం చెయ్యలేదు. ఒళ్ళు అలిసే పని తగును. ఒళ్ళు పులకరించే ఆట తగదు. అంతేగా?

నిషేధం వచ్చాక ఆ పిల్లలు ఇంట్లో కూర్చున్నారా అంటే, లేదు. పార్కుల్లో ఆడారు. రగ్బీ మైదానాల్లో ఆడారు. 1922లో ఓడెక్కి సముద్రం దాటి వెళ్తే, కెనడాలోనూ వద్దన్నారు. అమెరికా వెళ్ళి అక్కడి మగవాళ్ళ జట్లతోనే ఆడారు. కొన్ని గెలిచారు, కొన్ని సమం చేశారు, కొన్ని ఓడారు. కంపెనీకీ ఫ్రాంక్లాండ్‌కీ చెడ్డాక, 1926 నుంచి జట్టు పేరు 'ప్రెస్టన్ లేడీస్' అయింది. చాలామంది అమ్మాయిలకి దగ్గర్లోని మానసిక ఆసుపత్రిలో నర్సు ఉద్యోగాలు దొరికాయి. లిలీ పార్ కూడా అక్కడే నర్సుగా పనిచేస్తూ, 1951 దాకా ఆడింది. అప్పటికి ఆమెకి నలభై అయిదు దాటాయి! నలభై అయిదేళ్ళకి మనకి మోకాళ్ళ నొప్పుల తైలం మొదలవుతుంది.

కానీ పెద్ద మైదానాలు లేవు. మైదానం లేకపోతే జనం రారు. జనం రాకపోతే పేపర్లో పడదు. పేపర్లో పడకపోతే కొత్త పిల్లలకి ఇలాంటి ఆట ఉందనే తెలియదు. ఆడే పిల్లలు దొరక్క 1965లో జట్టు మూతపడింది. నలభై ఎనిమిదేళ్ళలో ఎనిమిది వందలకి పైగా ఆటలు ఆడి, వాటిలో ఓడినవి ముప్పై లోపే. అలాంటి జట్టుని ఏ ప్రత్యర్థీ ఓడించలేకపోయింది. ఒక కాగితం ఓడించింది.

ఆ నిషేధం తీసేసింది ఎప్పుడో తెలుసా? 1971లో. యాభై ఏళ్ళకి.

ఆ అంకె దగ్గర నేను ఫోను పక్కన పెట్టేశాను. ఎందుకంటే 1971లో నాకు పదమూడేళ్ళు.

మా బడిలో టెన్నికాయిట్ ఆడేవాళ్ళం. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, రబ్బరు రింగు విసురుకునే ఆట. నేను ఎడమచేత్తో విసిరేదాన్ని. ఎటు వస్తుందో అవతలి పిల్లకి అందేది కాదు. ఆ ఏడు జిల్లా పోటీలకి మా బడి నుంచి నన్ను ఎంచారు. సరిగ్గా ఆ నెలలోనే నేను పెద్దమనిషినయ్యాను. పేరంటాలూ, చిమ్మిలీ, కొత్త వోణీ అన్నీ అయ్యాయి. తర్వాత మా డ్రిల్లు టీచరు ఇంటికొచ్చి, "పిల్లని పంపించండమ్మా, జాగ్రత్తగా తీసుకెళ్ళి తీసుకొస్తాను" అని బతిమాలింది. మా నాన్న నోరు విప్పేలోపే వీధి అరుగు మీంచి మా బామ్మ అంది: "ఆడపిల్లకి తగని ఆట. ఇప్పుడింకా గంతులేమిటీ?"

చూశారా? అదీ ఆ మాట. వాళ్ళు లండన్‌లో తీసేసిన ఏడాదే మా ఇంట్లో పెట్టారు. యాభై నాలుగేళ్ళు నా నోట్లోనే దాక్కుని, మొన్న నా మనవరాలి మీద బయటికొచ్చింది.

మా బామ్మ చెడ్డది కాదండీ. నేనంటే ప్రాణం. తన చిన్నప్పుడు తనకెవరో అనే ఉంటారు. నా రబ్బరు రింగు కొన్నాళ్ళు మేకుకి వేలాడింది. తర్వాత ఒకరోజు వంటింట్లోకి వెళ్తే, మంచినీళ్ళ బిందె కింద కుదురుగా కనిపించింది. అచ్చంగా సరిపోయింది కూడాను. ఆ బిందెలోంచే రోజూ నీళ్ళు ముంచుకుని తాగాను. ఒక్కనాడూ ఎవరితోనూ అనలేదు. జిల్లా పోటీలకి నా బదులు వెళ్ళిన పిల్ల గెలిచిందో ఓడిందో కూడా అడగలేదు.

లిలీ పార్ 1978లో పోయింది. బతికుండగా ఆమెకి పెద్ద గౌరవాలేమీ జరగలేదు. 2002లో వాళ్ళ దేశపు మేటి ఫుట్‌బాల్ ఆటగాళ్ళ వరసలో ఆమె పేరు చేర్చారు. ఆడవాళ్ళలో ఆమెదే మొదటిది. 2019లో మాంచెస్టర్‌లోని ఫుట్‌బాల్ మ్యూజియంలో విగ్రహం పెట్టారు. 2008లో ఫుట్‌బాల్ సంఘం ఆ పాత నిషేధానికి క్షమాపణ చెప్పుకుంది. 2022లో ఇంగ్లండు అమ్మాయిలు యూరప్ కప్పు గెలిచిన రోజు లండన్‌లోని వెంబ్లీలో 87,192 మంది కూర్చుని చూశారు. 2025లో ఆ కప్పే మళ్ళీ గెలిచారు. అంత దూరం ఎందుకు? మన నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య మన దేశం తరఫున ఫుట్‌బాల్ ఆడింది. 2022లో క్రొయేషియా దేశపు క్లబ్బు పిలిస్తే వెళ్ళి వచ్చింది. ఆ పిల్లకి బూట్లు కొన్నప్పుడు వాళ్ళింట్లో ఎవరేమన్నారో!

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరినీ కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పాను. చివర్లో నా రింగు సంగతీ చెప్పాను. మావారు పేపరు దించారు. "ఇన్నేళ్ళలో నాకెప్పుడూ చెప్పలేదేం?" అన్నారు. "మీరెప్పుడూ అడగలేదుగా" అన్నాను. మావాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి వెళ్తూ వెళ్తూ, పిల్ల వైపు చూడకుండా, "కాళ్ళకి దెబ్బలు తగలకుండా పిక్కల మీద ఏవో కట్టుకుంటారట కదా, అవెంతవుతాయి?" అన్నాడు.

పిల్ల ఎగిరి వాడి మెడ పట్టుకుంది. కోడలు నవ్వుతూ కాఫీ పెట్టడానికి లేచింది. గిన్నెలు ఈసారి మెత్తగా మాట్లాడాయి.

మొన్న శనివారం నేనూ గ్రౌండుకి వెళ్ళాను, మడతకుర్చీ పట్టుకుని. మావాళ్ళ జట్టు 3-1 తేడాతో ఓడింది. మా పిల్ల రెండుసార్లు పడింది, మోకాలు గీరుకుపోయింది, ఒంటినిండా బురద. ఇంటికొచ్చాక ఆ చొక్కా నేనే ఉతికాను. డాక్టరు లౌరీ చెప్పింది నిజమేనండోయ్. నడుం పట్టేసింది.